మైకుకి ఎవరూ జవాబు చెప్పరు

"దయచేసి వినండి" అంది మైకు. మొన్న మా ఆడపడుచుని రాయగడ బండి ఎక్కించడానికి విజయనగరం స్టేషనుకి వెళ్లినప్పటి మాట ఇది. గొంతు శుభ్రంగా ఉంది, అక్షరం ఎక్కడా జారలేదు. కానీ అది మనిషి అక్కడ కూర్చుని పలికిన మాట కాదు. బండి నంబరు ఒక రోజు, ఊరి పేరు ఇంకో రోజు, 'ఆలస్యంగా' అన్న మాట మరో రోజు పలికించి, తరవాత కలిపి కుట్టినట్టుంది. మధ్యలో ఊపిరి తీసుకున్న చప్పుడే లేదు. ఒకప్పుడు ఇదే మైకులో చెప్పిన సువార్త పిన్ని అయితే 'దయచేసి'కి ముందు చిన్నగా ఊపిరి పీల్చుకునేది. కాలేజీ రోజుల్లో ఆ గొంతు ఎవరిదో తెలియకుండానే నేను ఎన్నోసార్లు విన్నాను. ఆ ఊపిరి వినబడగానే జనం సంచులు సర్దుకోవడం మొదలుపెట్టేవారు. మొన్న బండి వెళ్లిపోయాక కూడా నేను టీ కొట్టు పక్కన ఊరికే నిలబడిపోయాను. మా ఆడపడుచు కిటికీలోంచి చెయ్యి ఊపిందో లేదో చూడనైనా లేదు. పిన్ని మీద ఒక్కసారిగా బెంగ పుట్టుకొచ్చింది. కన్నవాళ్ల మీద కూడా నాకు ఇంత బెంగ రాలేదంటే మా అమ్మ ఏమనుకుంటుందో గానీ, ఉన్న మాట అది.

ఆవిడ నాకు చుట్టం కాదు. మేం అద్దెకి దిగిన ఇంటి పక్కనే చిన్న పెంకుటింట్లో ఉండేది. రెండు వరండాలకీ మధ్య మోకాలెత్తు గోడ, అంతే. పుట్టింది బొబ్బిలి దగ్గర పల్లెలో, చదువుకుంది మిషన్ బడిలో. రైల్వేలో పనిచేసే భర్త చిన్న వయసులోనే పోతే ఆవిడకి ఉద్యోగం ఇచ్చారు. ఎంక్వయిరీ కిటికీ దగ్గర కూర్చోవడం, బండ్ల రాకపోకలు మైకులో చెప్పడం. రిటైరయ్యేదాకా అదే పని. "పేరు సువార్త, పొద్దస్తమానం సెప్పేది బండి లేటు" అని తన మీద తనే హాస్యమాడుకునేది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్లేది. తిరిగొచ్చి, ఆ రోజు పాస్టరు గారి ప్రసంగం ఎంత ఆలస్యంగా నడిచిందో మాకు చెప్పేది.

ఆవిడ నోట్లో రెండు భాషలు ఉండేవి. మా ఆయన పాపారావు గరివిడిలో ఫ్యాక్టరీ ఉద్యోగి. షిఫ్టు దిగి ఇంటికొచ్చే వేళకి ఎప్పుడూ ఒక లెక్క ఉండదు. సాయంత్రం కరెంటు పోతే వీధి పిల్లలంతా పిన్ని వరండా ఎక్కి, మైకు చెప్పమని పట్టుబట్టేవారు. పిన్ని పమిట సర్దుకుని, గొంతు సవరించుకుని, "ప్రయాణికులకు విజ్ఞప్తి. గరివిడి నుండి విజయనగరం రావలసిన పాపారావు గారు సుమారు ముప్పావు గంట ఆలస్యముగా నడుచుచున్నారు. మీకు కలిగిన అసౌకర్యమునకు చింతించుచున్నాము" అనేది. ఆ వెంటనే గోడ అవతల ఉన్న నా వైపు తిరిగి, "ఒలే ఉమా, కూరేటొండినావే? వాసనేటీ రాటంనేదు" అనేది. పిల్లలు పడీపడీ నవ్వేవారు. ఇంట్లోంచి వరండాలోకి వచ్చినంత తేలిగ్గా ఆవిడ ఒక భాషలోంచి ఇంకో భాషలోకి వచ్చేసేది.

నాకు ఆ తేలిక లేదు. మాది చీపురుపల్లి వైపు పల్లెటూరు. పై చదువుకి గుంటూరు వెళ్తే, హాస్టల్లో నేను నోరు తెరిచినప్పుడల్లా నవ్వేవారు. 'ఏటి' అన్నానంటే సాయంత్రం దాకా గదిగదికీ వెళ్లి అదే మాట అనుకునేవారు. అందుకే నాకు కూతురు పుట్టాక, దాని నోట్లో ఆ మాట నిలవనివ్వలేదు. లిఖిత "ఏటమ్మా" అంటే "ఏమిటమ్మా అనాలి" అనేదాన్ని. "నేదు" అంటే "లేదు" అనిపించేదాన్ని. నేనొక్కదాన్నే కాదు, మా వీధిలో తల్లులందరికీ అదే పని. మా జిల్లాల్లో పిల్లని బళ్లో వేస్తున్నామంటే ముందు నాలుక దిద్దుతాం, తరవాతే పలక కొంటాం. పిన్ని ఇది చూసి ఒకసారి, "పిల్ల నాలిక్కి ఇస్త్రీ సేస్తన్నావేటే?" అంది.

"రేపు బయటికెళ్తే నవ్వుతారు పిన్నీ. నేను పడ్డాను కదా."

"నేర్పే, మంచిదే. ఆ బాసే నాకు తిండెట్టినాది. కొత్త సీర కొన్నామని పాతది పారీయక్కర్నేదు కదా అంటన్నాను."

నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. ఒకళ్లు నాకు చెప్పడమేమిటని కొంచెం పొగరు కూడా ఉండేది. నవ్వేసి ఊరుకున్నాను.

లిఖిత తొమ్మిదో తరగతికి వచ్చింది. అంతవరకూ దాని నోటికి మూత ఉండేది కాదు. చెప్పులు విప్పకముందే బడి కబుర్లు మొదలుపెట్టేది. మేడమ్ కొత్త చీర దగ్గర్నుంచి ఎవరి టిఫిన్ డబ్బాలో ఏముందో దాకా ఏకరువు పెట్టేది. అలాంటి పిల్ల సంక్రాంతి సెలవులు అయ్యాక మాటలు మానేసింది. అడిగినదానికి ముక్తసరిగా జవాబు, తరవాత తలుపు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలకడం. తలనొప్పని బడి ఎగ్గొట్టడం. చేతిలో ఫోన్ ఉండేది గానీ ఆటలేవీ ఆడేది కాదు. ఒకసారి చూసేది, బోర్లా పెట్టేసేది, మళ్లీ తీసేది.

తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడల్లా మా కాలేజీలో మైకు పట్టుకునేది నేనే. పిల్లలతో స్నేహితుల్లా ఉండండి, వాళ్ల మాట వినండి అని గంటలకొద్దీ చెప్పేదాన్ని. తీరా నా ఇంటికి వచ్చేసరికి చెయ్యని పని లేదు. నిపుణుల వీడియోలన్నీ చూశాను. ఫోన్‌కి వేళలు పెట్టాను. భోజనాల దగ్గర ఫోన్ వద్దన్నాను, మా ఆయన ఫోన్ కూడా లాక్కున్నాను. లిఖిత ఫోన్ తీసేసుకున్నాను, భయమేసి తిరిగిచ్చేశాను. ఒక వీడియోలో చెప్పినట్టు దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, భుజం మీద చెయ్యి వేసి, కళ్లలోకి చూస్తూ, "నీ మనసులో ఏముందో నాతో పంచుకో తల్లీ. నేను నిన్ను తప్పు పట్టను" అన్నాను. లిఖిత నన్ను పరాయి మనిషిని చూసినట్టు చూసింది. "ఏమీ లేదమ్మా. నేను బాగానే ఉన్నాను" అంది. ఎంత చక్కటి తెలుగు. ఒక్క అక్షరం తప్పు లేదు, అంతా నేను నేర్పిందే. మా ఆయన "ఆ వయసు అలాటిది, ఒగ్గీ" అన్నాడు. ఆయన మీద ఇంతెత్తున లేచాను.

ఒకరోజు క్లాస్ టీచరు ఫోన్ చేసింది. పాఠం చదవమంటే లిఖిత లేచి నిలబడిందట, పుస్తకం తెరిచిందట, నోరు మాత్రం తెరవలేదట. కూర్చోమన్నా కూర్చోలేదట. ఆ మాట వినగానే నాకు ఒక తల్లి గుర్తొచ్చింది. అంతకు ఏడాది ముందు మా కాలేజీలో ఒక అమ్మాయి ఎవరికీ ఏమీ చెప్పకుండా ప్రాణం తీసుకోబోయింది. ఆయుష్షు ఉండి బతికింది. ఆసుపత్రి వరండాలో ఆ తల్లి నా చెయ్యి పట్టుకుని, "నిన్ననే అడిగానండీ, బాగానే ఉన్నానంది" అని మళ్లీ మళ్లీ అదే మాట అంది. నా కూతురూ నాతో అదే మాట అంటోంది. ఇంక చదువు, మార్కులు, ఫోన్ ఏవీ నా బుర్రలో లేవు. పిల్ల నాకు దక్కితే చాలనిపించింది.

ఆ మధ్యాహ్నమే గోడ దాటి పిన్ని దగ్గరికి వెళ్లాను. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. పిన్ని ఓదార్చలేదు. "ఎలగడిగినావు? నువ్వు అడిగినట్టు నాకు అడిగి సూపించు" అంది. ఆ పంచుకో తల్లీ మాటలన్నీ మళ్లీ అప్పజెప్పాను. పిన్ని కాసేపు తన చేతుల కేసి చూసుకుంది.

"మైకులో అడిగినావే ఉమా. మైకుకి ఎవుడైనా జవాబు సెప్తాడేటి? అన్నేళ్లు సెప్పినాను. బండి వస్తన్నాదని సెప్తే, సరే అమ్మా అన్నోడు ఒక్కడు నేడు. ఇంటారు, మూట నెత్తికెత్తుకుంటారు, ఎల్లిపోతారు."

"మరి ఎలా అడగాలి పిన్నీ?"

"కిటికీ కాడ నాను అడిగీదాన్నే కాదు. తలొంచుకుని నా పని నాను సేసుకునీదాన్ని. బండెప్పుడమ్మా అని వచ్చినోడు, మా బావకి బాగోనేదమ్మా, సూడ్డానికి ఎల్తన్నానమ్మా, నిరుడు తగువుపడి మాటల్నేవమ్మా అని ఇంటి గుట్టంతా సెప్పీసీవోడు. ఆడి మొకంలోకి నాను సూడనేదు. ఊ కొట్టినాను, అంతే."

ఆ తరవాత అంతవరకూ ఎప్పుడూ ఎత్తని మాట ఎత్తింది. ఆవిడకి ఒక్కడే కొడుకు, ప్రసాదు. రాయపూర్‌లో ఉద్యోగం, పెళ్లాం, పిల్లలు. వాడు పదో తరగతిలో ఉండగా ఇలాగే మాట్లాడడం మానేశాడట. చదువు పాడైంది, ఆ ఏడు పరీక్షకే వెళ్లలేదు. "డూటీ దిగి వచ్చినాను. ఆ గొంతు ఇంకా పీకలోనే ఉన్నాది. ఏమిటి నీ సమస్య, వివరముగా చెప్పు అన్నాను, అచ్చం మైకులో సెప్పినట్టు. ఏమీ లేదమ్మా అన్నాడు. మరి సెప్పనేదు. ఇప్పటికీ ఆదివారం ఫోన్ సేస్తాడు. బాగున్నావా అమ్మా, మందులు వేసుకుంటున్నావా అమ్మా. కన్నతల్లితో మైకు బాస మాటాడతాడే. నానే అలవాటు సేసినాను. అప్పుడు ఆడికి ఏటైనాదో, నాను సచ్చేలోపల తెలుస్తాదో నేదో."

నా ఏడుపు నేనే తుడుచుకుని కూర్చున్నాను.

సాలూరు సంత నుంచి ఎవరో తెచ్చిచ్చిన చింతపండు పిన్ని ఇంట్లో ఒక బస్తా ఉంది. ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే దాన్ని వరండాలో చాప మీద బోర్లించి, గోడ మీంచి కేకేసింది. "లిఖితా, ఒక్కత్తినీ పిక్కలు తియ్యలేకపోతన్నాను, రాయే." పిన్ని పిలిస్తే కాదనడం దానికి చేతకాదు. వెళ్లింది. నాకు ముందే పాఠం చెప్పింది పిన్ని. "నువ్వూ రా. ఏటీ అడక్కు. దాని మొకంలోకి సూడకు. సూడాలనిపిస్తే సింతపండు కేసి సూడు." ముగ్గురం చాప చుట్టూ కూర్చున్నాం. పిన్ని ఊళ్లో కబుర్లన్నీ మొదలుపెట్టింది. ఎవరింట్లో కోడలు వేరు పడింది, ఎవరి మేకని ఎవరు దాచారు. మొదట్లో నేను బిగుసుకుని కూర్చున్నాను. కాసేపటికి నాకూ నోరు ఊరుకోలేదు. చీపురుపల్లిలో మా మేనత్త తగువు సంగతి ఎత్తాను. చెబుతుంటే మా అమ్మ భాష నాకు తెలియకుండానే నోట్లోకి వచ్చేసింది. లిఖిత ఒకసారి తలెత్తి నన్ను చూసింది. నేను మాత్రం చింతపండు కేసే చూశాను.

"ఒకపాలి నా కొంప ఎలగ ములిగినాదో తెలుసునేటే నీకు?" అంది పిన్ని, నాతోనే అన్నట్టుగా. "మైకు కట్టీసినాననుకున్నాను. కట్టనేదు. మా గదిలో పనిచేసే గౌరితో, ఒలే గౌరీ, టీ ఏదే, పీక ఎండిపోతన్నాది, ఈ దిక్కుమాలిన బండి వస్తాదో సస్తాదో అనీసినాను. టేషనంతా ఇన్నాది. ప్లాటుఫారాలన్నీ ఒకటే నవ్వు. మర్నాటి నుంచి కూలీలు, టీ కొట్టోళ్లు, నాను కనబడితే సాలు, వస్తాదో సస్తాదో అనీవోరు. ఎవులి మొకం సూసినా అదే మాట."

లిఖిత చెయ్యి ఆగిపోయింది. "మరి నువ్వేటి సేసినావు మామ్మా?" అంది.

'ఏం చేశావు అనాలి' అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటు అలాంటిది. నా పెదాలు కదలడం చూసి పిన్ని ఒక చింతపిక్క నా మోకాలి మీదకి విసిరింది. నోరు మూసుకున్నాను.

"ఏటి సేస్తాను? ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడిసినాను. ఉజ్జోగం మానీదామనుకున్నాను. మర్నాడు డూటీ ఉన్నాది. ఎల్లినాను."

"నవ్వడం మానీసినారేటి?"

"ఎక్కడ మానతారు? నవ్వినారు. కొన్నాళ్లకి నానూ నవ్వినాను. ఆళ్లు ఆగినారని సెప్పను గానీ, నాకు తగలడం తగ్గినాది."

లిఖిత ఇంకొక కాయ తీసుకుని ఈనెలు లాగింది. తల ఎత్తకుండానే, "నాది కూడా మైకు ఆన్‌లో ఉండిపోనాది మామ్మా" అంది.

తరవాత అంతా చెప్పింది. ప్రాజెక్టు కోసం నలుగురు పిల్లలు ఫోన్‌లో వీడియో తీసుకుంటున్నారట. మధ్యలో స్నేహితురాలితో పేచీ వచ్చింది. ఫోన్ ఇంకా నడుస్తోందని తెలియక కోపంలో, "నాను సెప్పనేదు, నువ్వే సెప్పినావు, ఏటి సేస్తావో సేసుకో" అని అరిచింది. కోపంలో వచ్చేది ఏ భాషో నాకు తెలుసు. ఆ ముక్క కోసి, డప్పు చప్పుడు తగిలించి, రీల్ చేసి వదిలారు. క్లాసు గ్రూపులోంచి బడి అంతా తిరిగింది, బడిలోంచి ఎక్కడెక్కడికో పోయింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు కింద నవ్వుతూ రాశారు. క్లాసులో అది లేచి నిలబడితే చాలు, వెనక బెంచీ మీద ఎవరో ఆ డప్పు వాయించేవారు. "నోరిప్పితే ఏ మాట వచ్చీస్తాదోనని భయం మామ్మా. ఇంట్లో కూడా భయమే. అమ్మకి సెప్తే, ఏమిటి అనాలని నేను ముందే చెప్పలేదా అంటాదని సెప్పనేదు."

నాకు పిల్లని గుండెలకి అదుముకోవాలనిపించింది. పిన్ని మాట గుర్తొచ్చి కదలకుండా కూర్చున్నాను. కళ్లలోంచి నీళ్లు టపటప చింతపండులో పడ్డాయి. "ఇంక ఉప్పెయ్యక్కర్నేదులే" అంది పిన్ని. లిఖిత నవ్వింది. ఎన్ని వారాలయిందో ఆ నవ్వు విని. అప్పుడు వెళ్లి పక్కన కూర్చున్నాను. అదే నా ఒళ్లో తల పెట్టుకుంది, చింతపండు చేతులతోనే.

కాసేపటికి నాకు కోపం తన్నుకొచ్చింది. ఎవర్తె అది, వాళ్లింటికి ఇప్పుడే వెళ్లి తేల్చుకుంటానని లేచాను. "కూకో. ముందు పిల్లని అన్నం తిననీ. రేపు బడికి ఎల్దుం, నానూ వస్తాను" అంది పిన్ని. మర్నాడు చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని బయల్దేరింది. ప్రిన్సిపాల్ మేడమ్ మొదట, ఈ రోజుల్లో పిల్లలు ఫోన్లతో ఇలాగే ఉంటారండీ అని తేల్చెయ్యబోయింది. పిన్ని చిన్నగా ఊపిరి పీల్చుకుంది. "అమ్మా, దయచేసి వినండి. ఈ బాలిక దృశ్యమును ఆమె అనుమతి లేకుండా తోటి విద్యార్థులు ప్రచారము చేయుచున్నారు. ఆ కారణముగా బాలిక తరగతిలో నోరు తెరవలేకపోవుచున్నది. తగు చర్య తీసుకొనువరకు మేము ఈ గదిలోనే వేచియుందుము" అంది. ఆ గదిలో ఉన్నవాళ్లంతా సర్దుకుని కూర్చున్నారు. అటెండరు కూడా చేతులు కట్టుకున్నాడు. ఆ రోజే ఆ పిల్లల తల్లిదండ్రులని పిలిపించారు, రీల్ తీసేయించారు. మైకు భాష ఎక్కడ వాడాలో నాకు అప్పుడు తెలిసింది. గేటు బయటికి రాగానే పిన్ని నా భుజం పట్టుకుని, "కాళ్లు వణికిపోతన్నాయే, బేగి ఆటో పిలు" అంది.

అంతటితో అంతా చక్కబడిపోలేదు. తీసేయించిన రీల్ ఇంకెవరి ఫోన్‌లోనో ఉండనే ఉంది. ఆ స్నేహితురాలు క్షమించమంది గానీ, మళ్లీ ఇద్దరూ కలవలేదు. లిఖిత క్లాసులో లేచి పాఠం చదవడానికి పరీక్షల దాకా పట్టింది. కానీ ఇంట్లో మాట్లాడేది. ఎదురుగా కూర్చోబెట్టి అడగడం నేను మానేశాను. బట్టలు మడతపెట్టేటప్పుడు, చిక్కుడుకాయలు ఈనెలు తీసేటప్పుడు దాన్ని పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని. అన్నిటికంటే స్కూటర్ బాగా పనిచేసింది. వెనక కూర్చుంటే దాని మొహం నాకు కనబడదు, నా మొహం దానికి కనబడదు. ఆ తరవాతి రెండేళ్లలో అది ముఖ్యమైన మాటలన్నీ నా వీపుకే చెప్పింది. ఒక అబ్బాయి సంగతి, లెక్కల్లో తప్పిన సంగతి, అన్నీ. నేను ఊ కొట్టేదాన్ని. ఒక్కోసారి రావలసిన వీధి దాటిపోయినా బండి ఆపేదాన్ని కాదు.

పిన్నికి మోకాళ్లు పూర్తిగా పోయాక ప్రసాదు వచ్చి రాయపూర్ తీసుకెళ్లాడు. బలవంతం ఏమీ లేదు, ఆవిడే ఒప్పుకుంది. "పోనీ, ఆడి ఇంట్లో పని సేసుకుంటా కూకుంటాను. ఎప్పుడో సెప్తాడు" అని నా చెవిలో అంది. అక్కడి నుంచి ఫోన్ చేసేది. "ఏటి అంటే ఇక్కడ ఎవులికీ తెల్దే. మనవలికి హిందీ తప్పితే రాదు. కోడలు నన్ను ఒక్క పనీ ముట్టుకోనివ్వదు, మంచి పిల్ల" అనేది. ప్రసాదు చెప్పాడా అని నేను అడిగేదాన్ని కాదు. చెప్పి ఉంటే ఆవిడే చెప్పేది. మధ్యమధ్యలో మాట ఆపేసి, "ఏదైనా మాటాడే ఉమా, మన మాట ఇనబడితే సాలు" అనేది. ఆ రోజు ఏం కూర వండానో చెప్పేదాన్ని. ఆవిడ పోయిన కబురు మాకు అంతా అయిపోయాక తెలిసింది. లిఖితా నేనూ ఆ గోడ మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాం.

కొన్నాళ్లకి ప్రసాదు పిన్ని ఇల్లు ఖాళీ చెయ్యడానికి వచ్చాడు. నాకంటే పెద్దవాడు, జుట్టు నెరిసింది. "ఉమ గారూ, మీరు అమ్మని బాగా చూసుకున్నారు. మీకు కృతజ్ఞతలు" అన్నాడు. ఆ తెలుగు వినగానే, మైకు బాస మాటాడతాడే అన్న పిన్ని మాట గుర్తొచ్చింది. గిన్నెలు సర్దడానికి సాయం వస్తానన్నాను. నేల మీద కూర్చుని పాత పేపర్లలో ఒక్కొక్కటే చుట్టడం మొదలుపెట్టాను. ఆయనా ఎదురుగా కాక కొంచెం పక్కకి కూర్చున్నాడు. "ఈ దాకలో పిన్ని ఉలవల సారు కాసీది అన్నయ్యా. వీధంతా వాసనొచ్చీసీది" అన్నాను. ఆయన ఇంకో పేపరు అందుకున్నాడు. నేను ఏమీ అడగలేదు. గ్లాసులు అయిపోయాయి, పళ్లేలు అయిపోవచ్చాయి.

"టెన్తులో నన్ను ఇద్దరు పెద్దోళ్లు రోజూ కొట్టీవోరు సెల్లీ" అన్నాడు, పేపరు మడతపెడుతూ. "బడికెల్లే దారిలో కాపు కాసీవోరు. అందుకే పరీచ్చకి ఎల్లనేదు."

"ఊఁ" అన్నాను.

"అమ్మకి సెప్పాలనే ఉండీది. అమ్మ డూటీ నుంచి వచ్చి సెప్పులు కూడా ఇప్పకుండా గోడకి జారబడిపోయీది. నాన్న పోయి అప్పటికి ఎన్నాళ్లో అవనేదు. ఈ మనిసికి నాను కూడా ఒకటి సెప్తే పడిపోతాది, మరి నెగదు అనిపించినాది. అందుకు సెప్పనేదు. ఇంకేటీ నేదు."

పళ్లెం చుడుతూనే అడిగాను. "పిన్ని నిన్ను అడిగినాది కదా అన్నయ్యా. ఎలగడిగినాదో గేపకం ఉన్నాదేటి?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "అడిగే ఉంటాది. గేపకం నేదు. ఎలగడిగినా నాను సెప్పీవోణ్ణి కాదు." గిన్నె కింద పెట్టి మొహం తుడుచుకున్నాడు. "ఇన్నేళ్లలో ఎప్పుడైనా సెప్పుండొచ్చు. ఇంక ఇప్పుడెందుకులే అనుకున్నాను."

లిఖిత ఇప్పుడు విశాఖలో చదువుతోంది. ఫోన్‌లో దాని గొంతు తేడాగా ఉంటే ఏమైందని ఇప్పటికీ అడగను. పక్కింటి కబుర్లు చెబుతూ పని చేసుకుంటాను. కాకపోతే ప్రసాదు అన్నయ్య వచ్చి వెళ్లాక ఒక మాట చేర్చాను. మధ్యలో ఎప్పుడో, "నాకేటీ అవదే, నాను గట్టిదాన్నే" అంటాను. మనం విరిగిపోమని పిల్లలకి తెలియాలి. ఆ సంగతి పిన్నికి తెలియదు. తెలియకుండానే వెళ్లిపోయింది, కొడుకు నోరు తన మైకే మూసేసిందని బతికినంతకాలం నమ్ముతూ. ఆవిడకి చేరవలసిన జవాబు నాకు చేరింది. దీన్ని నేనేం చేసుకోను? ఒక్కదాన్నే కూర్చుని ఏ కూరో తరుగుతూ, "నీ మైకు ఆడికి గేపకమే నేదు పిన్నీ. నీ మీద జాలితో సెప్పనేదు" అని పైకే అనేస్తుంటాను. ఊ కొట్టడానికి ఆవిడ లేదు.